కెటిల్ గల్లీలో తీసి ఉంచిన గేటు

వస్తానని చెప్పి రాని మనిషి కోసం ఆ శనివారం సాయంత్రం ఒక పెద్దామె గేటు తీసి ఉంచి, గొర్రె తొడ వండి, బల్ల మీద నాలుగు పళ్ళేలు పెట్టుకుని కూర్చుంది. ఆ రాని మనిషిని నేనే. ఆ సమయానికి అక్కడికి గంట దూరంలో మా తోడల్లుడి ఇంట్లో సోఫా మీద కాళ్ళు చాపుకుని, చూసిన వింతలన్నీ ఫోన్లో కాశిబుగ్గలోని మావాళ్ళకు చెబుతున్నాను. ఆమె గురించి కూడా చెప్పాను. "ఎంత మంచి మనిషో!" అన్నాను. ఆమె నా కోసం ఎదురుచూస్తోందని నాకు తెలియదు. తెలియకపోవడానికి కారణం కూడా నేనే.

ఆస్ట్రేలియా చూడనివాళ్ళు ఇది చదివి నవ్వుకుంటే నాకు సంతోషం. నవ్వాల్సిన సంగతులే ఎక్కువ.

మే నెలలో చలి

నాకు వరంగల్ కాశిబుగ్గలో జంపఖానాల దుకాణం ఉంది. మే నెలలో వడగాలికి గిరాకీ ఎలాగూ ఉండదు. నా భార్య సునంద చెల్లెలి కుటుంబం మెల్‌బోర్న్‌కు పైన ఉన్న బెండిగో పట్టణంలో ఉంటుంది. రమ్మని చాలాకాలంగా పిలుస్తున్నారు. వెళ్ళాం. ఇక్కడ తారు కరుగుతుంటే అక్కడ నోట్లోంచి పొగ వస్తోంది. మా మరదలికి శని, ఆదివారాలు డ్యూటీ. అందుకని మమ్మల్ని తిప్పే పని తోడల్లుడు విల్సన్ మీద పడింది. అతను దవాఖానలో నర్సు. నన్ను అన్నా అంటాడు, సునందను వదినె అంటాడు.

బెండిగో బంగారం మీద లేచిన ఊరు. అంత పెద్ద చర్చిలు, అంత గొప్ప భవనాలు చూసి నేను నోరు తెరిస్తే విల్సన్ అన్నాడు: "ఇవి చూసుడు కాదన్నా. బంగారం అయిపోయినంక ఊరు ఎట్లయితదో చూడాలె. రేపు కెటిల్ గల్లీకి పోదాం."

గల్లీ అనగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. కెటిల్ గల్లీ అంటే చాయ్ కెటిళ్ళు అమ్మే వీధి కాబోలు, ఒకటి కొనుక్కుందాం అనుకున్నాను. విల్సన్ స్టీరింగ్ మీద తల ఆనించి నవ్వాడు.

"ఈడ గల్లీ అంటే వాగన్నా. వానొస్తే నీళ్ళు పారే పల్లం. మన గల్లీ గాదు."

వెనక సీట్లోంచి సునంద అంది: "మన గల్లీల గూడ వానొస్తే నీళ్ళే పారుతయి గదా. ఏం ఫరక్?"

దారిలో దుకాణం

మర్నాడు శనివారం. బెండిగో దాటాక దారి పొడుగునా నల్లటి బెరడు చెట్లు, వాటి మధ్య తెల్లటి మట్టి దిబ్బలు. గనుల్లోంచి తవ్వి పోసిన మట్టి. ఇన్నేళ్ళయినా వాటి మీద గడ్డి సరిగా మొలవలేదు. ఒకచోట రోడ్డు పక్కన బల్ల మీద కోడిగుడ్లు, పక్కన డబ్బులు వేయడానికి ఒక డబ్బా. మనిషి లేడు. నేను అటూ ఇటూ చూశాను, అమ్మేవాళ్ళు చెట్టు వెనక దాక్కుని చూస్తున్నారేమోనని. ఎవరూ లేరు. అంత నమ్మకం చూసి వ్యాపారిగా నాకు కొంచెం భయం వేసింది.

కెటిల్ గల్లీకి ముందు వచ్చే ఊళ్ళో ఒకటే దుకాణం. ఉత్తరాలూ అక్కడే, పాలూ అక్కడే, పెట్రోలూ అక్కడే. అక్కడ 'పై' అనే వంటకం తిన్నాం. పిండి గిన్నెలో మాంసం కూర పెట్టి, పైన పిండితోనే మూత వేసి కాల్చింది. ఒక్కోదానికి మన డబ్బులో నాలుగు వందల పైచిలుకు. టమాటా సాస్‌కు మళ్ళీ వేరే. మన దగ్గర సమోసాకు చట్నీ వేరే డబ్బులంటే కొట్లాట అవుతుంది. నేను మొదటి కొరుకులోనే వేడి రసం అంగీ మీద ఒలకబోసుకున్నాను. దుకాణం ఆమె తువ్వాలు తెచ్చి ఇచ్చి, పైని ఎలా పట్టుకోవాలో చిన్నపిల్లాడికి చూపినట్టు చూపింది.

విల్సన్ తనకు తేనె కావాలని ఆమెతో చెప్పి, సరుకు వచ్చాక కబురు చేయమని తన ఫోన్ నంబరు ఇచ్చాడు. ఆ నంబరే తర్వాత నన్ను పట్టించింది.

లేని ఊరిలో నడక

కెటిల్ గల్లీలో మాకు వినబడ్డ మొదటి మాట "గేటు వేశారా?"

పెద్ద రబ్బరు బూట్లు, మగవాళ్ళ టోపీ పెట్టుకున్న ఒక పెద్దామె కట్టెల కుప్ప దగ్గర నిలబడి అడిగింది. అక్కడ హలో కన్నా ముందు గేటు. చుట్టూ గొర్రెల పొలాలు. గేటు తెరిచినవాడే మూయాలి, ఎంత తొందరున్నా సరే. విల్సన్ వెనక్కి పరుగెత్తి మూసి వచ్చాక ఆమె ముఖం విచ్చుకుంది. పేరు ఐరిస్. ఎనభై దాటాయి. ఒకప్పటి గని ఊళ్ళో పొగ వచ్చే పొయ్యి ఇప్పుడు ఆమె ఇంట్లో ఒక్కటే.

ఊరు చూపిస్తానని ఆమె మమ్మల్ని తీసుకెళ్ళింది, ఆమె మాటలు విల్సన్ తెలుగులో చెబుతూ నడిచాడు. ఊరంటే ఎండిన గడ్డి. ఇల్లు పోయి ఒంటరిగా నిలబడ్డ ఇటుక పొగగొట్టం ఒకటి. బడి ఉన్నచోట, అక్కడివాళ్ళు మిరియాల చెట్టు అని పిలిచే ఒక పెద్ద చెట్టు. కంచె వేసిన గని నోరు, దాని మీద ప్రమాదం అన్న బోర్డు. అంతే. కానీ ఐరిస్ ఆ గడ్డిలో వీధులు ఉన్నట్టే నడిచింది. "ఇది బేకరీ," అంటూ ఖాళీ నేల చుట్టూ తిరిగి వెళ్ళిందే కానీ అడ్డంగా దాటలేదు. అక్కడ గోడ ఉండేది కదా మరి. నేను తెలియక అడ్డంగా నడిస్తే, "నువ్వు రొట్టెలు తొక్కుతున్నావు," అంది.

ఆ ఊరికి ఆ పేరెందుకు వచ్చిందని అడిగాం. కెటిల్ అడుగున బంగారం దొరికిందని బయటివాళ్ళు చెప్పుకుంటారట. "అబద్ధం. మొదట వచ్చినవాళ్ళందరికీ కలిపి ఒకటే కెటిల్ ఉండేది. దానికోసం కొట్టుకునేవాళ్ళు. మా తాత నోట విన్నాను, ఆయన తండ్రికీ ఒక దెబ్బ తగిలింది," అంది.

ఆమె తాత, తండ్రి ఇద్దరూ గనిలో దిగినవాళ్ళు. ఆ మాట వినగానే సునంద ఆమె చెయ్యి పట్టుకుంది. మా మామగారు భూపాలపల్లిలో బొగ్గుబాయి కార్మికుడు. మా దగ్గర గనిని బాయి అనే అంటాం, నీళ్ళ బాయిని అన్నట్టే. సునంద గని కంచె దగ్గర నిలబడి నాతో మెల్లగా అంది: "మా కాలనీ గూడ ఒకనాటికి ఇట్లనే అయితదేమో. ఈడ బడి ఉండె, ఈడ చర్చి ఉండె అని నేను గడ్డి సూపెట్టుకుంట తిరుగుతనేమో."

"అప్పుడు నేను రొట్టెలు తొక్కుత," అన్నాను. నవ్వింది.

పోయొస్త

ఐరిస్ కట్టెల పొయ్యి మీద నీళ్ళు కాచి చాయ్ ఇచ్చింది. పాలు వేరే గిన్నెలో, చక్కెర వేరే. మన చాయ్‌తో పోలిస్తే అది చాయ్‌కి చుట్టం మాత్రమే. కానీ ఆ చలిలో రెండు కప్పులు తాగాను. సునంద తెచ్చిన సకినాల స్టీలు డబ్బా ఆమె చేతిలో పెట్టింది. ఐరిస్ ఒక సకినాన్ని వెలుతురుకు పట్టి తిప్పి చూసి, "దీన్ని తినాలా, గోడకు తగిలించుకోవాలా?" అని అడిగింది. తర్వాత వరసగా తింటూనే ఉంది.

చలికి సునంద ముందే కారెక్కింది. విల్సన్ కారు తిప్పుతున్నాడు. వసారాలో నేనూ ఐరిస్ మిగిలాం.

మా వరంగల్ వైపు ఏ గుమ్మం దిగేటప్పుడూ పోతున్నా అనరు. అది అపశకునం. పోయొస్త అనాలి. మళ్ళీ ఎన్నడూ ఆ వీధి ముఖం చూడనివాడు కూడా అదే అంటాడు, ఇంటివాళ్ళు పోయిరా అంటారు. ఎవరూ ఎవరి కోసమూ ఎసరు పెట్టరు. నేను చేతులు జోడించి, ఆ మాటనే నా ఇంగ్లీషులోకి దించి చెప్పాను: "ఐ విల్ గో అండ్ కమ్."

ఐరిస్ ముఖం వెలిగింది. "నిజంగా వస్తావా?" అంది. యెస్ అన్నాను. తర్వాత ఆమె ఒక పొడుగు వాక్యం చెప్పింది. అక్కడివాళ్ళు నోట్లోకి ఈగలు దూరకుండా పెదవులు కదపకుండా మాట్లాడతారని విల్సన్ వేళాకోళం. నాకు ఆ వాక్యంలో చివరి మాట ఒక్కటే చిక్కింది, టీ. తన చాయ్ ఎలా ఉందని అడుగుతోంది కాబోలు అనుకుని, "యెస్, టీ, వెరీ గుడ్," అని తల ఊపాను. కారు వైపు చూపించి మూడు వేళ్ళు ఎత్తింది. అవును, ముగ్గురమే కదా వచ్చాం. మళ్ళీ తల ఊపాను. ఎంతో సంతోషంగా ఊపాను.

ఆదివారం ఫోన్

మర్నాడు మధ్యాహ్నం చర్చి ఆరాధనకు తయారవుతుంటే విల్సన్ ఫోన్ మోగింది. దుకాణం ఆమె. విల్సన్ చాలాసేపు విన్నాడు. పెట్టేసి నా వైపు తిరిగాడు.

"అన్నా, నిన్న ఐరిస్‌తోని ఏమన్నవ్?"

"ఏమంట? పోయొస్త అన్న."

"ఇంగ్లీషులనా?"

"మరి తెలుగుల చెప్తే ఆమెకు తెలుస్తదా?"

విల్సన్ కుర్చీలో కూలబడ్డాడు. "టీకి రమ్మంటే సరేనన్నవంట గదా."

"చాయ్ మంచిగున్నదా అని అడిగింది. మంచిగున్నదన్న."

"అయ్యో అన్నా! ఈడ పల్లెలల్ల టీ అంటే చాయ్ గాదు. పొద్దుగూకినంక తినే బువ్వ. మనం ముగ్గురం బువ్వకొస్తమని ఆమె వండి పెట్టుకొని కూసున్నది!"

మా కోసం గేటు తీసి ఉంచిందట. చీకటి పడుతుంటే కంగారూలు రోడ్డు మీదికి వస్తాయి, వాటిని గుద్దుకుని ఎక్కడ పడిపోయామోనని పొద్దున్నే దుకాణానికి ఫోన్ చేసిందట. అంతటితో అయితే బాగుండేది. ముర్రే నది ఒడ్డున ఒక ఊళ్ళో, వృద్ధుల ఆశ్రమంలో ఆమె అక్క డాట్ ఉంది. ఆ ఆదివారం డాట్ పుట్టినరోజు. దుకాణం ఆమె భర్త శనివారం సాయంత్రం అటే వెళుతూ ఐరిస్‌ను తీసుకెళ్ళాల్సి ఉంది. ఇంటికి అతిథులు వస్తున్నారని ఆమె ఆగిపోయింది. అతను వెళ్ళిపోయాడు. ఆమె కారు నడపడం మానేసి చాలాకాలమైంది. ఆ దారిలో బస్సు లేదు.

నాకు ముందు తోచింది సాకు. "భాష తేడా. ఎవరికైనా అయితది. ఫోన్ల సారీ చెప్పు తమ్మీ," అన్నాను. చెబుతుండగానే నాకే చెడ్డగా వినిపించింది. పోయొస్త అన్న మాట భాష తేడానే. కానీ ఆ తల ఊపడం ఏ భాషా కాదు, అది నేను. అర్థం కాలేదు అని చెప్పడానికి నాకు సిగ్గు. దుకాణంలోనూ అంతే. గిరాకీవాళ్ళు చెప్పింది సరిగా వినబడకపోతే తల ఊపుతాను, ఎర్ర అంచు అడిగినవాళ్ళకు నీలం అంచు నేయిస్తాను. అక్కడ పోయేది జంపఖానా. ఇక్కడ ఒక ముసలామె పుట్టినరోజు.

"చర్చికి పోయి ప్రార్థనల ఒప్పుకుంట," అన్నాను.

సునంద జడ వేసుకుంటూ ఆగింది. "దేవునికేం తొందర లేదు గని, ముందుగాల ఆమెకు చెప్పుపో. కారు తియ్యి తమ్మీ."

గొర్రెలకు దక్కిన విందు

ఈసారి గేటు మూసి ఉంది. నేనే దిగి తీసి, నేనే మూశాను. ఇంటి ముందు మడిలో పాలకూరలాంటి ఆకుకూర మొదళ్ళ దాకా కొరికేసి ఉంది. రాత్రి గేటు తీసి ఉండటంతో గొర్రెలు లోపలికి వచ్చాయన్నమాట.

ఐరిస్ వసారాలోకి వచ్చింది. మా ముగ్గురినీ తలా ఒకసారి తేరిపార చూసింది, ఎవరికీ దెబ్బలు తగల్లేదని నిర్ధారించుకున్నట్టు. దారి పొడుగునా నేను పెద్ద ఇంగ్లీషు వాక్యాలు కూర్చుకున్నాను. ఆమె ముందు నిలబడేసరికి రెండే మిగిలాయి. "నాకు అర్థం కాలేదు. అయినా యెస్ అన్నాను."

"నాకు కాదు, ఆ ఆకుకూరకు చెప్పు," అంది.

తర్వాత, "నా సంగతి సరే. డాట్ పొద్దుటి నుంచి కిటికీ దగ్గర కూర్చుని ఉంటుంది. ఎవరి కోసమో మరిచిపోతుంది, కానీ కూర్చోవడం మరవదు," అంది.

"ఇప్పుడే పోదాం. మీరు రండి," అన్నాను.

ఆమె గడియారం చూసింది. సాయంత్రం ఐదు తర్వాత ఆశ్రమంలో బయటివాళ్ళను ఉండనివ్వరు. "అందుతామా?" అని విల్సన్‌ను అడిగింది.

"జర జల్ది కోటు తొడుక్కొని రమ్మనన్నా, అందుతం," అన్నాడు విల్సన్ నాతో, జవాబు ఆమెకు ఇంగ్లీషులో చెప్పాలన్న సంగతి మరిచి. ఆమెకు మాత్రం అర్థమైంది. కోటు వేసుకుని, చల్లారిన మాంసం రేకు కాగితంలో చుట్టి తెచ్చింది. సునంద చేతికి స్టీలు డబ్బా ఇచ్చింది. బరువుగా ఉంది. నిండా కొబ్బరి బిస్కెట్లు.

"ఖాళీ డబ్బా తిరిగి ఇవ్వడం మా ఇంట్లో లేదు," అంది.

ఇంగ్లీషు అంతంత మాత్రం వచ్చిన సునందకు ఆ వాక్యం మొత్తం అర్థమైంది.

నది ఒడ్డుకు

మాంసం పొట్లం నా ఒళ్ళో పెట్టారు. రేకు ఎక్కడో చిరిగింది. దుకాణంలో తిన్న పై నా అంగీని పాడుచేస్తే, ఇది చర్చి ప్యాంటును పాడుచేసింది. నాకు దక్కాల్సిందే దక్కింది.

దారిలో ఐరిస్ ఒక సంగతి చెప్పింది. విల్సన్ మాకు తెలుగులో చెబుతూ వచ్చాడు. వెళ్ళేటప్పుడు గుడ్ బై అంటే చాలు, డాట్ ఏడుస్తుంది. చనిపోయినవాళ్ళంతా గుర్తొచ్చి గుక్కపట్టి ఏడుస్తుంది. అందుకని ఐరిస్ ఆమె అటు తిరిగినప్పుడు దొంగలా జారుకుంటుంది. "సొంత అక్క దగ్గర్నుంచి చెప్పకుండా పారిపోతాను. ఇంటికి చేరేదాకా నా మీద నాకే అసహ్యం," అంది.

సునంద ముందుకు వంగింది. "తమ్మీ, ఈ మాట చెప్పు ఆమెకు. మా నాయిన బాయికి డ్యూటీ పోయేటప్పుడు ఒక్కనాడు గూడ పోతన్న అనలె. అంటే మా అమ్మ ఊకునేది గాదు. పోయొస్త అనాలె. అన్నంకనే సద్ది చేతికిచ్చేది. బాయిల దిగెటోడు మళ్ళొస్త అని చెప్పి దిగాలె అనేది."

విల్సన్ చెప్పాడు. ఐరిస్ నా వైపు తిరిగింది. "అయితే నిన్న నువ్వన్నది అదా?" అని నన్ను అడిగింది.

"అదే. కానీ రావాలని నాకు తోచలేదు," అన్నాను.

కిటికీ దగ్గర డాట్

డాట్ నిజంగానే కిటికీ దగ్గరే ఉంది. తల మీద రంగు కాగితం టోపీ, ఒళ్ళో తినని కేకు ముక్క. చెల్లెల్ని చూసి, "ఆలస్యం," అంది. అంతే కోపం. మేమెవరమని అడిగితే ఐరిస్, "నా అతిథులు. వీళ్ళు ఒకరోజు ఆలస్యం," అంది. డాట్ మా మీద వెంటనే అభిమానం పెంచుకుంది, తన చెల్లెలి కన్నా పెద్ద తప్పు చేసినవాళ్ళం కదా. మాంసం తింది. ఐరిస్ కోటు జేబులో సకినాలు రెండు మిగిలి ఉంటే అవి గాజులనుకుని చేతికి పెట్టుకోబోయి, తర్వాత కొరికింది.

ఐదవుతుండగా ఒక ఉద్యోగిని తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. ఐరిస్ అలవాటుగా డాట్ వెనక్కి జరిగింది. డాట్ టోపీ సరిచేసుకుంటోంది, చూడటం లేదు. జారుకోవచ్చు. ఐరిస్ మాత్రం ఆగింది. ముందుకు వచ్చి, అక్క ముందు మోకాళ్ళ మీదికి కష్టంగా వంగి, నా ఇంగ్లీషులోనే అంది: "ఐ విల్ గో అండ్ కమ్."

డాట్ ఆమెను పరీక్షగా చూసింది.

"టీకా?" అంది డాట్.

"టీకే. వచ్చే ఆదివారం."

"ఈ గొర్రె వద్దు. గట్టిగా ఉంది," అని డాట్ కేకు ముక్క అందుకుంది. ఏడవలేదు. మేము తలుపు దాటేదాకా తింటూనే ఉంది.

వరండాలో ఐరిస్ ముక్కు తుడుచుకుంది. నా వైపు తిరిగి ఒక పొడుగు వాక్యం చెప్పింది. నాకు మళ్ళీ సగమే చిక్కింది. ఈసారి తల ఊపలేదు. "అర్థం కాలేదు. మళ్ళీ చెప్పండి," అన్నాను. ఆమె మాట మాటా విడదీసి చెప్పింది: "ఇప్పుడు నేను రావాలి మరి. నన్నెవరు తీసుకొస్తారు?"

"మేము," అన్నాను.

మళ్ళీ ఆదివారం

తిరుగు ప్రయాణానికి ముందు మాకు మిగిలిన ఆదివారం అదొక్కటే. సముద్రం చూపిస్తానని విల్సన్ అంతకుముందే అన్నాడు. సముద్రం తర్వాత, అన్నాను. ఆ తర్వాత నెలల్లో కూడా ఐరిస్‌ను తీసుకెళతానని అతనే మాట ఇచ్చాడు. డ్యూటీ లేని ఆదివారం వస్తే ఇప్పుడు కెటిల్ గల్లీ మీదుగా నదికి పోతున్నాడు.

ఆ పొద్దున నేనే వంట చేశాను. బగారన్నం, కారం బాగా తగ్గించిన కోడికూర. మాంసం మెత్తగా ఉడికిందో లేదోనని సునంద చేత మూడుసార్లు చూపించాను. "డాట్ గాదు, నువ్వే పెద్ద ఫికర్ అయిపోయినవ్," అని ఆమె విసుక్కుంది. కొబ్బరి బిస్కెట్లు ఖాళీ చేసి, అదే స్టీలు డబ్బాలో కూర నింపాను.

మేము చేరేసరికి ఐరిస్ కోటు వేసుకుని, టోపీ పెట్టుకుని, వసారాలో కూర్చుని ఉంది. గేటు బార్లా తీసి ఉంది. కంచె అవతల గొర్రెలు ఆశగా చూస్తున్నాయి. కారు లోపలికి వెళ్ళాక నేను దిగి, వెనక్కి నడిచి, గేటు మూశాను.